విరిగిన గాజుల లెక్క

జూన్ రెండో సోమవారం ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు సూర్యాపేటలో బస్సెక్కి, బుధవారం సాయంత్రం ఆరున్నరకు అదే బస్టాండులో దిగాను. వ్యవసాయ మార్కెట్లో తూకాల గుమాస్తాగా ముప్ఫై ఒక్క ఏళ్ళు చేసినప్పుడు ఆఫీసు పనిమీద పద్నాలుగుసార్లు హైదరాబాదు వెళ్ళాను కాని, పాతబస్తీలో కాలు పెట్టడం ఇదే మొదలు. మనవరాలికి కాలేజీ సీటు, దానితో పాటు ఫీజు సాయం దొరుకుతాయో లేదో తేల్చుకోవడానికి వెళ్ళాము. ఇలాంటి పనిమీద పిల్లల్ని వెంటబెట్టుకుని బయల్దేరేవాళ్ళకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను. అక్కడ చూసినవాటితో పాటు నేను చేసిన పొరపాటు కూడా ఇందులో ఉంది.

బస్సులో

మనవరాలి పేరు హారిక, నా కూతురి బిడ్డ. తండ్రి ట్రాక్టర్ల మెకానిక్. తల్లి ఇంట్లోనే బట్టలు కుడుతుంది. వాళ్ళ ఇంటి ముందు గదిలో నేను విడిగా వండుకుని ఉంటాను. ఇంటర్లో హారికకు వెయ్యికి ఏడు వందల ఎనభై రెండు వచ్చాయి. చదువు రాక కాదు. పరీక్షల ముందు పెళ్ళిళ్ళ కాలం, ఆ పిల్ల గాజులు అమ్ముతూ తిరిగింది. రెండేళ్ళ కిందట స్నేహితురాలి అక్క పెళ్ళికని చార్మినార్ దగ్గర నాలుగు సెట్ల లక్క గాజులు కొనుక్కొచ్చి, ఆ పెళ్ళిలోనే మరో తొమ్మిది సెట్లకు బేరం కుదుర్చుకుంది. నూట ఎనభైకి కొన్నది రెండు వందల అరవైకి అమ్ముతుంది. నెలకోసారి నా ఎదురుగా కూర్చుని లెక్క చెబుతుంది, నేను రాస్తాను. పెద్దయ్యాక పెద్ద దుకాణం పెడతానంటుంది. అందుకే బీబీఏ చదవాలని పట్టు.

చౌటుప్పల్ దాటేదాకా నా కాగితాన్ని మళ్ళీ చదివాను. అందులో నాలుగు కాలేజీలు ఉన్నాయి. మొదటి రెండింటిలో నిరుడు చివరి సీటు తొమ్మిది వందల పైనే ఆగింది, కొట్టేశాను. మూడోదానిలో సీటు వస్తుంది కాని ఫీజు తగ్గింపు ఎనిమిది వందల యాభై దాటినవాళ్ళకే. పూర్తి ఫీజు మా అల్లుడు కట్టలేడు, అదీ కొట్టేశాను. నాలుగోది చాంద్రాయణగుట్ట అవతల ఉంది. ఫీజు ఏడాదికి అరవై రెండు వేలు. చదువుకుంటూనే ఏదో ఒక వ్యాపారం నడిపే ముగ్గురు పిల్లలకు ఆ కాలేజీ ట్రస్టు ఏటా సాయం చేస్తుంది. మొదటి ఇద్దరికీ నలభై వేల చొప్పున, మూడో వారికి ముప్ఫై వేలు. మార్కులు ఏడు వందల యాభై దాటాలి, ఇంటి ఆదాయం రెండున్నర లక్షలు దాటకూడదు, ఇంటర్వ్యూలో నెగ్గాలి. దీనికి ఎదురుగా 'అవకాశం ఉంది' అని రాసుకున్నాను. ఇదీ పోతే చదువు ఇంతటితో ఆపి గాజులే అమ్ముకోమని అల్లుడు ముందే చెప్పాడు.

హారిక కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. ఖాళీ గాజుల సంచి మాత్రం ఒళ్ళోనే పట్టుకుంది.

ఫ్లైఓవర్ కింద

దిల్‌సుఖ్‌నగర్లో దిగి ఆటో మాట్లాడుకున్నాము. చాంద్రాయణగుట్టలో ఫ్లైఓవర్ కింద దిగాలని రెండుసార్లు చెప్పినా ఆటోవాలా పైకి ఎక్కించాడు.

"కిందికని చెప్పిన కదా భాయ్?"

"ఫికర్ మత్ కరో అమ్మా. ముంగట యూ టర్న్ ఉంది, జర దూరం."

ఆ జర దూరం రెండు కిలోమీటర్ల పైనే ఉందని హారిక ఫోన్లో చూసి చెప్పింది. దిగాక ముప్ఫై ఎక్కువ అడిగాడు.

"పైకి పోయింది నువ్వు. పైసలు నేనియ్యాల్నా?"

"టీచరమ్మవా నువ్వు?"

"కాదు. మార్కెట్ల తూకాలు రాసేదాన్ని."

"యా అల్లా!" అని నవ్వి, మాట్లాడుకున్నదే తీసుకున్నాడు.

మేము దిగింది నా పాత స్నేహితురాలు మరియమ్మ ఇంట్లో. సూర్యాపేట డిపోలో కండక్టరుగా చేసిన మరియమ్మ, కొడుకు ఉద్యోగం ఇక్కడ కావడంతో ఎనిమిదేళ్ళుగా ఇక్కడే ఉంటోంది. రెండు గదుల ఇల్లు, పైన రేకుల గది. మధ్యాహ్నం చింతచిగురు పప్పు, దానిలోకి సందు చివర భట్టీలో కాల్చిన నాలుగు మూలల నాన్ రొట్టెలు పెట్టింది. మన దగ్గర పప్పు పక్కన రొట్టె పెడితే అన్నం ఏదని అడుగుతారు. ఇక్కడ మరియమ్మ మనవలు అన్నం జోలికే పోలేదు. చాయ్ ఇరవై రూపాయలు, మన బస్టాండులో పది. కాని ఇక్కడి చాయ్ తాగాక గంటసేపు ఆకలి వేయదు, అది కూడా లెక్కలోకి తీసుకోవాలి.

తినబోయే ముందు మరియమ్మ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. అందులో హారిక సీటు కూడా చేర్చింది. "ప్రభువా, గీ పిల్లకు నోరుంది, జర సమయానికి పనిచేసేటట్టు చూడు" అంది. హారిక కళ్ళు మూసుకునే నవ్వింది.

నింపిన గడి

మంగళవారం పది గంటలకు కాలేజీకి వెళ్ళాము. నాలుగు అంతస్తుల భవనం, కింద మందుల దుకాణం, పక్కన టైర్లకు పంక్చర్లు వేసే కొట్టు. గుమాస్తా ప్రసాద్ గారు గుంటూరు వైపు మనిషి. ఫారం నేను ఇంటి దగ్గరే నింపి తెచ్చాను. ఆయన మొదటి పేజీ చూసి తలూపారు, రెండో పేజీలో ఆగిపోయారు.

"అమ్మగారూ, ఈ మూడో గడి ఎందుకు నింపారండీ?"

మొదటి గడి తండ్రి ఆదాయం, లక్షా అరవై ఎనిమిది వేలు. రెండోది తల్లి ఆదాయం, నలభై ఎనిమిది వేలు. మూడోది విద్యార్థి సొంత సంపాదన. అందులో ముప్ఫై ఏడు వేల రెండు వందలని రాశాను. ఏడాదిలో అమ్మినవి నాలుగు వందల అరవై అయిదు సెట్లు, సెట్టుకు లాభం ఎనభై.

"గడి ఉన్నది కదండీ?"

"ఉందిలెండి. ఎవరూ నింపరు. మూడూ కలిపితే రెండు లక్షల యాభై మూడు వేల రెండు వందలైంది. పరిమితి దాటిపోయిందండీ, మూడు వేల రెండు వందలు ఎక్కువ." గొంతు తగ్గించి ఇంకో ఫారం నా ముందుకు జరిపారు. "ఇందులో ఆ గడి ఖాళీగా వదిలేయండి. రేపు పదింటిలోపు ఇస్తే చాలు. పదకొండుకు ఇంటర్వ్యూ."

"రేపు లోపల గాజుల వ్యాపారం గురించి చెప్పాలి కదండీ. సంపాదన లేదని రాసి వ్యాపారం ఉందని ఎట్ల చెప్తది?"

"ఫారం చూసేవాళ్ళు వేరు, ఇంటర్వ్యూ చేసేవాళ్ళు వేరండీ" అన్నారు మర్యాదగా. ఆయన చెడ్డవాడు కాదు. నిజంగా సాయం చేస్తున్నాననుకున్నారు.

రెండో ఫారం సంచిలో పెట్టుకున్నాను. మెట్ల మీదకు వచ్చాము. హారిక మొదలుపెట్టింది.

"నిన్నెవలు నింపుమన్నరు అమ్మమ్మా? ఊరందరు ఖాళీ ఇడిసిపెడ్తరు, నువ్వొక్కదానివే నింపుతవ్. నా సీటు నీ గడిల పోయింది."

"అబద్ధం రాయమంటవా?"

"రాయొద్దు. రాయకు. గంతే అంటున్న. రాయకుండ ఉండనీకి ఏమైతది నీకు?"

ఆ పిల్ల మాటలో న్యాయం లేదని కాదు. కట్టల కొద్దీ ఫారాల్లో అందరూ వదిలేసిన గడిని నేనొక్కదాన్నే నింపితే శిక్ష నాకు కాదు, పిల్లకు పడుతోంది. అయినా ఖాళీ ఫారం మీద కలం పెట్టడానికి చెయ్యి రాలేదు. ఒక మార్గం తోచింది. కొన్న ధర నేను ఎక్కడైనా తక్కువ రాసి ఉంటే, సెట్టుకు ఏడు రూపాయల తేడా వచ్చినా చాలు, మొత్తం పరిమితి లోపలికి వస్తుంది. నా లెక్కలో తప్పు దొరికితే బాగుండునని బతుకులో మొదటిసారి కోరుకున్నాను.

"గాజుల దుకాణానికి పోదాం పా. ఆయన పుస్తకం చూడాలె" అన్నాను.

హారిక ముఖం మారింది. "వద్దు అమ్మమ్మా. చాచా బిజీ ఉంటడు. మస్తు ఎండ గూడ ఉంది."

"గొడుగుంది."

గాజుల గల్లీ

చార్మినార్ దగ్గర బస్సు దిగి నడిచాము. గాజుల బజారులో రెండు వైపులా దుకాణాల అద్దాల్లోంచి రాళ్ళ మెరుపు కళ్ళలో గుచ్చుకుంటుంది. స్కూటర్లు మనుషుల మధ్యలోంచే వెళ్తాయి, మనుషులు పట్టించుకోరు. మన ఊళ్ళో గాజులు కొనడానికి వెళ్తే చెయ్యి చాపి కూర్చుంటే చాలు, గాజులామె ఎక్కిస్తుంది. ఇక్కడ కొనేవాళ్ళు నిలబడి, డబ్బాలు తెరిపించి, మూసి, పక్క దుకాణానికి వెళ్ళి, మళ్ళీ వస్తారు. ఎవరూ తప్పు పట్టరు.

హారిక కొనే దుకాణం పెద్ద వీధిలో కాదు, పక్క సందులో. ముందు నాలుగు అడుగుల కొట్టు, వెనక పని జరిగే గది. అక్కడ ఒకతను బొగ్గుల కుంపటి మీద లక్కను మెత్తబరిచి, పలక మీద దారంలా సాగదీసి, వేడి తగ్గకముందే గుండ్రంగా చుట్టి అతుకుతున్నాడు. ఇంకొకతను మెత్తని లక్కలో ఒక్కో రాయినీ పొదుగుతున్నాడు. వేళ్ళ చివర్లు నల్లగా కాయలు కాసి ఉన్నాయి. గాజుకు ఎన్ని రాళ్ళని అడిగాను. "లెక్కవెట్టలే అమ్మా" అన్నాడు తలెత్తకుండా. నేను లెక్కపెట్టాను. నలభై రెండు.

యజమాని ఖాజా చాచాకు అరవై దాటి ఉంటాయి. హారికను చూసి లేచాడు.

"ఆవో బేటీ! అమ్మా, బైఠో. నువ్వేనా లెక్కల అమ్మమ్మవు? 'మా అమ్మమ్మ చూస్తది, బిల్లు సాఫ్ రాయి చాచా' అంటది గీ పిల్ల. నీకు భయపడి నా రాత బాగయింది."

చాయ్ తెప్పించాడు. విషయం చెప్పి, ఏడాది అమ్మకాల పుస్తకం చూపమన్నాను. హారిక పేరుతో ఒక పేజీ ఉంది. ధరలన్నీ నూట ఎనభయ్యే, నా రాతతో సరిపోయాయి. చివర మొత్తం దగ్గర ఆగాను. నా పుస్తకంలో కొన్నవి నాలుగు వందల ఎనభై సెట్లు. ఆయన పుస్తకంలో అయిదు వందల పద్నాలుగు.

"ముప్ఫై నాలుగు ఎక్కువున్నయి భాయ్."

"జ్యాదా కాదమ్మా. టూటే సో మాల్. దారిల విరిగినయి. వాటి బదులు పిల్ల కొత్తయి కొంటది." బల్ల కింద నుంచి గోనెసంచి లాగి విప్పాడు. లక్క ముక్కలు, ఎరుపు, ఆకుపచ్చ, కొన్నింటికి ఇంకా రాళ్ళు అతుక్కునే ఉన్నాయి. "విరిగినయి ఏరి నాకు దెస్తది. నేను తూకానికి తీస్కుంట. మళ్ళ కుంపట్ల వడ్తయి, కొత్త గాజులైతయి. గా ముప్ఫై నాలుగుకు వేరే చీటీ రాయమని గీమెనే అడిగింది."

హారిక సందు వైపు చూస్తోంది.

అప్పుడే మసీదు నుంచి అజాన్ వినిపించింది. చాచా టోపీ పెట్టుకుని, "పావుగంటల వస్త, దుకాణం జర చూస్తుండు బేటీ" అని వెళ్ళిపోయాడు. గల్లా పెట్టెకు తాళం కూడా వేయలేదు. మొదటిసారి చూసిన నా ఎదుట అలా వదిలి వెళ్ళడం నాకు వింతగా అనిపించింది.

"ఎందుకు దాచినవ్?" అని అడిగాను. "తిడ్తననా?"

"తిడ్తవని కాదు."

"మరి?"

అంతలో ఒకామె బుర్ఖా పైకెత్తి పట్టుకుని, పక్కన కూతురితో వచ్చి ఆకుపచ్చ సెట్టు ఎంతని అడిగింది. హారిక వెంటనే లేచింది. "సాఢే చార్ సౌ, ఆపా," అని నాలుగు వందల యాభై చెప్పింది. ఆమె మూడు వందలంది. "ఆపా, రాళ్ళు చూడున్రి, చేతితోని వెట్టినయి. బేటీకి ఎక్కించి చూపిస్త, నచ్చకుంటె పైసలొద్దు." ఆ అమ్మాయి చేతికి మూడు గాజులు నొప్పి తెలియకుండా ఎక్కించింది. మూడు వందల ఎనభైకి బేరం ముగిసింది. డబ్బు గల్లా పెట్టెలో వేసి, చీటీ రాసి, మేకుకు గుచ్చి, తిరిగి వచ్చి నా పక్కన కూర్చుంది. అప్పుడు చెప్పింది.

"తాత పోయిన పదో దినం నేను గడప కాడ నిలవడ్డ. లోపలికి రావొద్దన్నరు, గని కనవడ్డది. నీ చేతులు రాయి మీద వెట్టిన్రు. అప్పటి సంది మనింట్ల గాజు విరిగిందన్న మాట ఎవ్వరన్నరా? అమ్మ చేతికి విరిగితే గూడ కొంగుల మూటగట్టి బయట పారేసొస్తది, నీకు కనవడకుండ. నేను నెలనెలా నీ ముందట కూసోని, గిన్ని విరిగినయి, రాస్కో అని ఎట్ల చెప్పాలె?"

అది తొమ్మిదేళ్ళ కిందటి మాట. అప్పుడు హారికకు ఎనిమిదేళ్ళు. గడప దగ్గర పిల్ల ఉందని నాకు తెలియదు. ఆ రోజు రెండు చేతులకూ కలిపి పన్నెండు గాజులు. ఆ అంకె నేను ఎక్కడా రాసుకోలేదు, మరచిపోనూ లేదు. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తకపోవడం నా పట్ల గౌరవమని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆ గౌరవానికి ఈ పిల్ల నెలనెలా డబ్బు కట్టుకుంటూ వచ్చింది.

"పైసలేడివి?"

"అమ్మ చీరలకు ఫాల్ కుడితె ఇస్తది."

ఫాల్ డబ్బు తల్లి కుట్టుపని ఆదాయంలో ఇప్పటికే ఉంది. దాన్ని మళ్ళీ రాయకూడదు. చాచా తిరిగి వచ్చేసరికి లెక్క తయారైంది. ముప్ఫై నాలుగు సెట్లకు ఆరు వేల నూట ఇరవై. ముక్కల తూకానికి ఆయన ఇచ్చింది నాలుగు వందల ఇరవై. నష్టం అయిదు వేల ఏడు వందలు. నిజమైన సంపాదన ముప్ఫై ఒక్క వేల అయిదు వందలు. ఇంటి మొత్తం రెండు లక్షల నలభై ఏడు వేల అయిదు వందలు. చాచా తన చీటీ పుస్తకం మీద అదంతా రాసి, ముద్ర వేసి, సంతకం పెట్టి ఇచ్చాడు. రాసినందుకు ఎంతని అడిగితే, "దువా కరో, బస్" అని, ప్రార్థిస్తే చాలన్నాడు.

బల్లకు ఇవతల

బుధవారం తొమ్మిదిన్నరకే ప్రసాద్ గారికి రెండో ఫారం ఇచ్చాను. మూడో గడి నింపే ఇచ్చాను. ఆయన చూసి, "మళ్ళీ నింపారా అండీ!" అన్నారు. అంకె చదివాక తలూపారు. మొదటి ఫారం కూడా దానికే గుచ్చమన్నాను.

ఇంటర్వ్యూలో విద్యార్థితో పాటు ఇంటివాళ్ళు ఒకరు కూర్చోవచ్చు. ఎదురుగా కాలేజీ డైరెక్టరు మేడం, ట్రస్టు తరఫున ఒక పెద్దాయన. మేడం రెండు ఫారాలూ పక్కపక్కన పెట్టుకున్నారు.

"నిన్న ముప్ఫై ఏడు వేలు. పరిమితి దాటిందని తెలిశాక ఇవాళ ముప్ఫై ఒకటి. ఎట్లా నమ్మమంటారు?"

అడగాల్సిన ప్రశ్నే. ఆమె స్థానంలో ఉంటే నేనూ అదే అడిగేదాన్ని. నా పుస్తకం తెరిచి, తప్పు అంకెను కొట్టేయకుండా పక్కన సరైనది రాసిన పేజీ, చాచా ఇచ్చిన చీటీ ఆమె ముందు పెట్టాను. ఆమె రెండూ చదివి హారిక వైపు తిరిగారు.

"వ్యాపారం చేసేదానివి, నష్టాన్ని ఎందుకు దాచావు?"

హారిక నా వైపు చూసింది. నేను తలూపాను.

"మా ఇంట్ల విరిగిన గాజుల మాట అనరు మేడం. అమ్మమ్మ ముందట అసలే అనరు."

మేడం నా మెడ వైపు, చేతుల వైపు చూసి చూపు దించుకున్నారు. ట్రస్టు పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"బాధ అర్థమైందమ్మా. కాని దాచిన నష్టం ధరలో చేరదు. దానికేమంటావు?"

"తెలిసింది సార్. సెట్టుకు పన్నెండు రూపాయల పావలా పడ్తున్నది. నేను రెండు వందల డెబ్బై అయిదుకు అమ్మాల్సింది. ఇంకోటి, ఎండకాలం బస్సుల లక్క మెత్తవడి వంకర తిరుగుతది. డబ్బాల వరిగడ్డి కాదు, పాత చీర ముక్కలు వెట్టాలె. మా ఇంట్ల మస్తుంటయి."

ఇంకా పన్నెండు నిమిషాలు అడిగారు. బయటికి వచ్చి మరియమ్మ ఇంటికి వెళ్ళాము. మరియమ్మ రేకుల గది చూపించి, సీటు వస్తే నెలకు రెండు వేలకు ఉండనిస్తానంది. నాన్ రొట్టెలు నాలుగు కట్టి ఇచ్చింది. సూర్యాపేట చేరేసరికి గట్టిపడ్డాయి, పాలలో నానబెట్టుకుని తిన్నాము.

తిరిగి వచ్చాక

పదకొండో రోజున కాలేజీ నుంచి ఫోన్ వచ్చింది. హారికది మూడో స్థానం. సీటు ఇచ్చారు, సాయం ముప్ఫై వేలు. కట్టాల్సింది ముప్ఫై రెండు వేలు. ఆమె ఏడాది సంపాదన కంటే అయిదు వందలు ఎక్కువ. ఆ అయిదు వందలు తాను వేస్తానని, మరియమ్మ గది అద్దె కూడా చూసుకుంటానని అల్లుడు అన్నాడు. నెల కిందట ఆ మాట అతని నోట వస్తుందని నేను అనుకోలేదు.

నా కాగితంలో నాలుగో కాలేజీకి ఎదురుగా 'అవకాశం ఉంది' అన్నది కొట్టేసి, 'వచ్చింది' అని రాశాను. తర్వాత గాజుల పుస్తకం తీసి, కొన్నవి, అమ్మినవి అన్న గళ్ళ పక్కన మూడో గీత గీసి, పైన 'విరిగినవి' అని రాశాను. ఆ మాట నా చేత్తో రాయడానికి కొంత సమయం పట్టింది. బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి కడిగి, నా గది కిటికీలో పెట్టి, విరిగినవి ఇక అందులోనే వేయమని హారికతో చెప్పాను. వాళ్ళమ్మకూ అదే చెప్పాను.

శనివారం కొత్త మాల్ వచ్చింది. పొయ్యి దగ్గర ఉన్నాను. కిటికీలో డబ్బా చప్పుడైంది, ఆగి, మళ్ళీ అయింది.

"ఎన్ని?" అని అడిగాను.

"మూడు, అమ్మమ్మా."

చేతులు తుడుచుకుని వచ్చి, మూడు అని రాశాను.